నదీయానము విడువదగునా?

ప్రతి సంవత్సరమును అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి విహారయాత్రల ప్రస్తావన వచ్చునప్పటికి విద్యార్థుల తలిదండ్రులు మాతో చెప్పు మాట యొక్కటియే: "ఎక్కడికైనా తీసుకువెళ్లండి మాస్టారూ, నీళ్లమీదికి మాత్రం వద్దు." ఈ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. 2017 నవంబరులో విజయవాడకు ఎగువను కృష్ణానదిలోను, 2018 మే నెలలో దేవీపట్నమునకు ఎగువను గోదావరిలోను, 2019 సెప్టెంబరు 15వ తేదీని కచ్చులూరు వద్ద మరల గోదావరిలోను పడవలు మునిగి, పసిబిడ్డలతో కూడ పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. కచ్చులూరు నొక్కచోటనే మృతులు సుమారు 50 మంది. ఆ వార్తలు విన్న తల్లి తన బిడ్డను లాంచి యెక్కనిచ్చుటకు వెనుదీయుట సహజము.

అయినను ఆ భయము కారణముగా పాఠశాలలు నదీయానమును బొత్తిగా విడిచిపెట్టుట తగదనియే మా యభిప్రాయము. విహారయాత్రలన్నియు బస్సులోనే జరుగు కాలము వచ్చినది. బస్సుయాత్రలో లాభము లేదని మేమనము. కాని నదిమీద నొకనాడు గడపిన బాలునకు కలుగు జ్ఞానము బస్సులో మూడునాళ్లు తిరిగిన వానికి కలుగదు. ఇది ఎట్లో చెప్పి, పిమ్మట ప్రమాదముల సంగతికి వత్తుము.

రైలుబండిలో రాజమహేంద్రవరము వంతెనమీదుగా పోవువారికి గోదావరి కొన్ని నిమిషముల వస్తువు. చక్రముల చప్పుడు మాఱగానే కిటికీలయొద్దకు చేరుదురు. కొందఱు నాణెములు నీటిలోనికి విసరి చేతులు జోడింతురు. ఆవలియొడ్డు రాగానే నిద్రకో ముచ్చటలకో మరలుదురు. వారు నదిని దాటిరేగాని నదిని చూచినవారు కారు. రైలుబాటకును రాజమార్గమునకును నది యొక యడ్డంకి. వంతెన కట్టి దానిని జయించుటయే వాని పని. పడవలోనున్న వానికి నదియే బాట. ఏ యూరు ఏ యూరికి ఎగువనున్నదో, ఏ వాగు ఎచ్చట వచ్చి కలియుచున్నదో, ఇసుకదిబ్బ ఎందుల కొక వంపులోనే పెరుగునో, లంకలో పొగాకు ఎందులకు పండునో అతనికి ఎవరును చెప్పనక్కఱలేదు. వరుసగా కన్నులయెదుట నడచిపోవును. భూగోళశాస్త్రమును మేము తరగతిలో ముక్కలు ముక్కలుగా బోధింతుము. నది దానిని ఒక్కదారమున గ్రుచ్చి చూపును.

ఇంకొక విశేషము కలదు. మన ప్రాతపట్టణములు పెక్కు నదివైపునకు ముఖముంచి కట్టబడినవి. స్నానఘట్టములు, గుడులు, పడవల రేవులు, వర్తకుల గిడ్డంగులు అన్నియు నీటియొడ్డుననే యుండును. బస్సు దిగి ఇఱుకుసందులగుండ రేవునకు పోవుట యనగా ఇంటిలోనికి పెరటిదారిని ప్రవేశించుటయే. రాజమహేంద్రవరమును చూడదలచినవాడు కోటిలింగాలరేవు మొదలుకొని దిగువకు పడవలో వచ్చి చూచెనేని, ఆ పట్టణ మెందుల కచ్చట పుట్టినదో ఉపాధ్యాయుని యడుగడు.

పూర్వు లీ సంగతిని ఎఱిగియుండిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చేసిన కాశీయాత్రలో గంగపై కొంతదూరము పడవలలో ప్రయాణించిరి. ఆ పిమ్మట ధవళేశ్వరమునొద్ద ఆర్థరు కాటనుగారి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. విజయవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో ముగిసినది. డెల్టాకాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే త్రవ్వబడినవని నేటి విద్యార్థులు తలంతురు. పెద్దకాలువలు పడవలకును త్రవ్వబడినవి. కాటనుగారు ఈ దేశమునకు ఇనుపదారులకంటె నీటిదారులే మేలని జీవితాంతము వాదించిన మనిషి. కాకినాడకాలువ ధవళేశ్వరమునకు, గోదావరి యేలూరుకాలువ యేలూరునకు, అచ్చటనుండి కృష్ణా యేలూరుకాలువ విజయవాడకు, కొమ్మమూరుకాలువ పెదగంజామునకు, బకింగుహాముకాలువ చెన్నపట్టణమునకు దారియిచ్చుచుండెను. కాకినాడలో పడవ యెక్కినవాడు సముద్రపుటల మొగము చూడకయే చెన్నపట్టణము చేరవచ్చును. గాలి యున్నప్పుడు తెఱచాప, గాలి లేనప్పుడు గట్టుమీద త్రాటితో లాగు మనుష్యులు, లోతు తక్కువయైనచోట గడలు: ఇవియే నాటి యంత్రములు. బియ్యపు బస్తాలపై కూర్చుండి, పడవలోనే యన్నము వండుకొని, రాత్రి నిదురించి, తెల్లవాఱుసరికి పొరుగుజిల్లాలో మేల్కాంచిన పెద్దలు మా బాల్యమున చెప్పిన కథలు మా చెవులలో నింకను ఉన్నవి.

ఆ లాకులను నేడును చూడవచ్చును. లాకు పనిచేయు విధము మేము తరగతిలో నల్లబల్లపై ఎన్నిమారులు గీచి చూపినను సగముమంది తలలాడించి ఊరకుందురు. గట్టుమీద నిలువబెట్టి చూపిన నాడు మఱల చెప్పనక్కఱయుండదు. కాలువ యెగువభాగము ఎత్తుగను దిగువభాగము పల్లముగను ఉండును. నడుమ రెండుజతల తలుపులు గల గది. పడవ దిగువనుండి గదిలోనికి రాగానే వెనుకతలుపులు మూయుదురు; ఎగువతూము తెఱచి నీరు విడుతురు; నీటితో పడవయు పైకి లేచును; ఎగువనీటితో సమమైనంతనే ముందుతలుపులు తెఱచుకొనును. బస్తాలతో నిండిన పడవను నీరే పైకెత్తును. ఐరోపాలో రైను, డాన్యూబు నదులను కలుపుచు 1992లో తెఱువబడిన కాలువలో పెద్ద పెద్ద యోడలు సముద్రమట్టమునకు 400 మీటరుల పైని ఎత్తున కొండలను దాటుచున్నవి. అచ్చటి సూత్రమును మన పల్లెటూరి లాకు సూత్రమును ఒక్కటే. అచ్చట లాకులు నడచుచున్నవి. మన లాకులలో పెక్కిటి తలుపులు త్రుప్పుపట్టినవి. కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల ఈ కాలువలను, గోదావరీ కృష్ణలలో కొన్ని భాగములను చేర్చి 2008లో నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి. ప్రకటన జరిగినది గాని కాలువలలో గుఱ్ఱపుడెక్క తీగ యల్లుకొనుచునే యున్నది.

నదీయానమనగానే నేడు కొందఱికి ధనికుల విలాసనౌకలు స్ఫురించును. 2023 జనవరి 13వ తేదీని కాశీనుండి బయలుదేరిన గంగావిలాసు అను నౌక బంగ్లాదేశముగుండ పోయి సుమారు 3,200 కిలోమీటరులు నడచి అస్సాములోని డిబ్రూగఢు చేరినది. అందు 36 మందికి మాత్రమే చోటు. ఆ టిక్కెట్టు వెల వినిన మావంటి ఉపాధ్యాయుల కది పంచాంగములోని గ్రహణమువలె దూరమునుండి తెలిసికొనవలసిన సంగతి. ఐగుప్తుదేశమున లక్సరు, అస్వానుల నడుమ నీలునదిపై తిరుగు నౌకలును అట్టివే. అయినను నీలునదిని గూర్చి ఒకమాట చెప్పక విడువజాలము. ఆ నది దక్షిణమునుండి ఉత్తరమునకు పాఱును. గాలి తఱచుగా ఉత్తరమునుండి దక్షిణమునకు వీచును. కావున తెఱచాప ఎత్తిన పడవ ఎగువకు పోవును, దించిన పడవ ప్రవాహముతో దిగువకు వచ్చును. ప్రాచీన ఐగుప్తీయులు తమ బొమ్మలలిపిలో "దక్షిణమునకు పోవుట" అని వ్రాయుటకు తెఱచాప విప్పిన పడవను, "ఉత్తరమునకు పోవుట"కు తెఱచాప లేని పడవను వ్రాసిరి. ఒక జాతి భాషలోనికే నది యెట్లు ప్రవేశించునో చూడుడు. మనవారు "ఎగువ, దిగువ" లని దిక్కులకు మాఱుగా వాడుట యిట్టిదే గదా.

మాకు కావలసినది పడకగదుల నౌక కాదు. పల్లెరేవుననుండు పంటు చాలును. ఒకమాఱు తొమ్మిదవతరగతి పిల్లలతో కోటిపల్లి రేవున గౌతమిని దాటుచుండగా, ఎదుటి రేవు సూటిగా కనబడుచున్నను పంటువాడు ముందు కొంత ఎగువవైపునకే త్రిప్పి నడపెను. ఒక బాలుడు, "అటెందుకు పోతున్నాడు, దారి తప్పాడా?" యని నవ్వెను. ఆ వారములోనే మేము వేగముల సమాంతర చతుర్భుజ నియమమును బోధించియుంటిమి. ఎవరును దానిని జ్ఞప్తికి తెచ్చుకొనలేదు. పంటు నడినీటికి వచ్చి, ప్రవాహముచేత ప్రక్కకు త్రోయబడుచు, సరిగా రేవుమెట్లకే వచ్చి తగిలినప్పుడు ఆ బాలుడు మావైపు చూచిన చూపును మేము మఱువజాలము. పంటువాడు బడికి పోయిన గురుతులు లేవు. అతడు ప్రతిదినమును ఆ లెక్కను పదిమాఱులు కట్టుచున్నాడు.

ఇక పాపికొండల సంగతి. 1973లో వచ్చిన అందాలరాముడు, 2006లో వచ్చిన గోదావరి యను చలనచిత్రముల మూలమున భద్రాచలమునకు పడవపయనము తెలుగువారి కందఱికిని పరిచితమైనది. ఆ చిత్రములు చూచి లాంచి యెక్కినవారు పాటలు పాడుకొనుచు పోవుటలో తప్పులేదు. కాని అచ్చట చూడవలసిన దింకొకటి కలదు. నాసికయొద్ద త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటరులు నడచు గోదావరికి తూర్పుకనుమలు అడ్డుపడుట యిచ్చటనే. రాజమహేంద్రవరమువద్ద రమారమి 3 కిలోమీటరుల వెడల్పున పఱచుకొను నది యిచ్చట కొన్నివందల గజములలోనికి ఒదిగిపోవును. ఆ నీరంతయు ఎటుపోయినది? వెడల్పు తగ్గినచో లోతును వేగమును హెచ్చవలెను గదా. అందువలననే యీ తావున సుడులు, అందువలననే సరంగులకు ఈ కొండలసందు నడుమ తక్కిన చోట్లకంటె రెండింతల శ్రద్ధ. ఒడ్డున కొండరెడ్ల పల్లెలు, వెదురుతడికల యిండ్లు, ఇసుకలో లాగిపెట్టిన నాటుపడవలు కనబడును. పేరంటపల్లియొద్ద దిగినవారు కొండవాగు నీటిని దోసిట పట్టి త్రాగుదురు. ఇంకను ఎగువకు కూనవరమువద్ద శబరి వచ్చి కలియును. పటములో నీలిగీతలుగా చూచిన రెండునదులు నిజముగా రెండురంగుల నీళ్లతో కలియుట చూచిన విద్యార్థి "సంగమ"మను పదమును మఱల నిఘంటువులో వెదకడు.

నెమ్మది యను గుణమునుగూర్చియు చెప్పవలెను. లాంచి ఏటికెదురుగా మెల్లగా పోవును. తొందరగలవా రిది లోపమందురు. నలువదిమంది పిల్లలను వెంటబెట్టుకొని తిరుగు మాకిది వరము. బస్సులో వాంతులు, మలుపుల తూగు, "కూర్చోరా" యను కేకలు తప్ప పాఠము సాగదు. లాంచిలో పిల్లలు లేచి కూర్చుండగలరు, నోటుబుక్కులో బొమ్మ వ్రాయగలరు, సరంగుతో మాటలాడగలరు. బస్సు మెట్లెక్కలేని వృద్ధులును, ఘాటుదారి పడని రోగులును నీటిమీద సుఖముగా పోగలరు. ఒక్కటి మాత్రము మాకు సయింపదు: కొన్ని విహారలాంచీలలో తెల్లవాఱినది మొదలు లౌడుస్పీకరులు పెట్టి నృత్యములు చేయింతురు. కొండలు చూడవచ్చినవారి వీపులు కొండలవైపునకు త్రిప్పించుటకు డబ్బుచ్చుకొను వ్యాపారము మఱియెందైన కలదేమో మే మెఱుగము. పాఠశాలవారు లాంచి మాటలాడుకొనునప్పుడే ఆ పెట్టెను ఒడ్డున దింపవలసినదని నిర్ణయము చేసికొనవలెను.

ఇప్పుడు ప్రమాదములు. పైని చెప్పిన దుర్ఘటనలలో గోదావరి ఒక్కనాడును దాగియుండి మోసము చేయలేదు. కచ్చులూరు ప్రమాదము నది వరదతో పోటెత్తి ప్రవహించుచున్న సెప్టెంబరులో జరిగినది. 2018 నాటిది మే నెల సాయంకాలపు గాలివానలో జరిగినది. వేసవిలో సాయంకాలమున ఈదురుగాలి లేచుట, వానకాలమున వరద వచ్చుట గోదావరి జిల్లాలలో పలక పట్టిన బాలునికిని తెలిసినదే. భద్రాచలమునొద్ద నీటిమట్టము 43 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది యిత్తురు. 1986లో అది 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఈ యంకెలు ప్రతిదినమును ప్రకటింపబడును. కావున నవంబరునకు ముందును ఫిబ్రవరికి పిమ్మటను పాఠశాలపిల్లలను ఆ కొండల నడుమకు తీసికొనిపోరాదని మేము నియమముగా చెప్పుదుము. ఆ మాసములలోనైనను మధ్యాహ్నము రెండుగంటలకు తిరుగుమొగము పట్టవలెను.

లాంచీలకు చట్టము లేకపోలేదు. 1917 నాటి ప్రాతచట్టమునకు బదులుగా 2021లో అంతర్దేశ నౌకాచట్టము వచ్చినది. రిజిస్ట్రేషను, తనిఖీపత్రము, ప్రాణరక్షక సామగ్రి, అర్హతగల సరంగు అన్నియు అందు కలవు. కచ్చులూరు పిమ్మట గోదావరి రేవులలో కంట్రోలురూములును ఏర్పడినవి. అయినను కాగితమును గోడకు వ్రేలాడదీసినంతమాత్రమున పడవ తేలదు. ప్రయాణమునకు ముందు ఉపాధ్యాయుడు తానై తనిఖీపత్రమును చదువవలెను. అనుమతించిన సంఖ్యకంటె ఒక్కడు హెచ్చైనను దిగిపోవుటకు సిద్ధపడవలెను. లైఫుజాకెట్టును మోకాళ్లపై పెట్టుకొని ఫొటో తీయించుకొనుట చాలచోట్ల చూచుచున్నాము. అది పలకమీద కాలుపెట్టకముందే తొడిగి ముడివేయవలసిన వస్తువు. ఉక్కగానున్నదని విప్పిన పిల్లవానిని మేము మందలించియున్నాము, ఇకమీదటను మందలింతుము. మఱియు, ఒడ్డున నెమలియో మొసలియో కనబడినదని అందఱును ఒకవైపునకు పరుగెత్తుట, పైయంతస్తునకే అందఱును ఎక్కుట మిక్కిలి యపాయకరము. బరువు పైకి పోయినకొలది పడవ గురుత్వకేంద్రము పైకిపోవును, ఒఱగిన పడవ మరల నిలువబడు శక్తి తగ్గును. ఎనిమిదవతరగతిలోనే ఒక గిన్నెను నీటిలో తేలవిడిచి గోళీలు వేసి చూపినచో ఈ పాఠ మొక గంటలో తెలియును.

ఇంతకంటె ముఖ్యమైన లోప మొకటి మన పాఠశాలలలోనే కలదు. మా బాల్యమున డెల్టాగ్రామములలో ఈత రాని బాలుని వేలుపెట్టి చూపుచుండిరి. నేడు కాలువగట్టున ఇల్లుండియు ఈత రాని పిల్లలు తరగతికి ముప్పాతికమంది. బాలికల సంగతి చెప్పనక్కఱలేదు. డ్రిల్లుగంటకు మైదానము, బంతులు, ఈలలు కలవుగాని నీరు లేదు. లోతు కొలిచి త్రాడుకట్టిన చోట, శిక్షకుని యెదుట, వారమున కొకగంట ఈత నేర్పుట మన జిల్లాల పాఠశాలలకు విలాసము కాదు. నదికి భయపడి పిల్లలను దూరముగా నుంచినచో భయము పెరుగునేగాని ఈత రాదు. ఒక్కరోజు వంతెన మూసినను, ఒక్క వరద వచ్చినను లంకగ్రామములవారు పడవ యెక్కక తప్పదు. అప్పుడు వారికి పనికివచ్చునది మనము నేర్పని విద్యయే. జాకెట్టు తొడుగుకొనుట, సంఖ్య లెక్కించుకొనుట, సరంగు మాట వినుట విహారయాత్రలో అలవాటైనచో ఆపదలో జ్ఞప్తికి వచ్చును.

గోదావరి వేగిరపెట్టు కారణ మింకొకటియు కలదు. పోలవరము పని ముందునకు సాగుచున్నది. 2021 జూనులో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించిరి. పూర్వము రాజమహేంద్రవరము, పట్టిసీమ రేవులనుండి బయలుదేరు లాంచీలకు ఆనకట్ట అడ్డమైనందున, నేడు యాత్రికులు బస్సులో గండిపోచమ్మ గుడివఱకు పోయి అచ్చట లాంచి యెక్కుచున్నారు; భద్రాచలమువైపునుండి వచ్చువారు పోచవరమున ఎక్కుదురు. దేవీపట్నపు చుట్టుప్రక్కల పల్లెలు ఇదివఱకే ఖాళీయైనవి. ఆనకట్ట పూర్తియై 150 అడుగుల మట్టమునకు నీరు నిలిచినప్పుడు ఈ కొండల నడుమ నుండునది నది కాదు, చెఱువు. శ్రీశైలమునకును నాగార్జునసాగరమునకును నడుమ కృష్ణపై లాంచిలో పోయినవా రట్టి నిశ్చలజలమును చూచియేయున్నారు. నాగార్జునకొండ అట్లే ద్వీపమై, మ్యూజియము చూడబోవువారు లాంచిమీదనే పోవుచున్నారు. అందును అందము కలదు. కాని పాఱు నీరును, దాని సుడులును, ఒడ్డుననున్న ఇసుకయు, ఆ పల్లెలును పుస్తకములలో మాత్రమే మిగులును.

కావున ఈ సంవత్సరపు యాత్రాసంఘమువారు జనవరిలో రెండవ శనివారమును గోదావరికి కేటాయింతురని కోరుచున్నాము. తొమ్మిది, పదితరగతుల పిల్లలు చాలును. చిన్నవారు కోటిపల్లి పంటుతో తృప్తిపడవలెను. ప్రతివిద్యార్థియు ఒక నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు తేవలెను. గండిపోచమ్మ రేవునుండి పేరంటపల్లివఱకు రెండుగట్టులమీద కనబడు ప్రతిపల్లె పేరును, అందు మనుష్యులున్నదియు లేనిదియు, సరంగు నడిగి వరుసగా వ్రాసికొనవలెను. ఆ పట్టికలలో మేలైనదానిని వచ్చు సంవత్సరము ఈ పత్రికలోనే ప్రకటించుటకు సంపాదకులు మాకు మాటయిచ్చియున్నారు.